కెమెరా ఇచ్చే వ్యక్తిత్వ నివేదిక: అనంతపురంలో ఒక ఇంటర్వ్యూ శిక్షణ సేవపై సమీక్ష

ఇంజనీరింగ్ పూర్తిచేసి బెంగళూరు ఉద్యోగాలకు సిద్ధమవుతున్న పిల్లలకు అనంతపురంలోని ఒక శిక్షణ కేంద్రం వీడియో ఇంటర్వ్యూ సాధనతో పాటు వ్యక్తిత్వ నివేదికను కూడా ఇస్తోంది. మా మేనకోడలి కోసం 600 రూపాయల రుసుము చెల్లించి ఈ సేవను తీసుకున్నాము. గది నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉంది. ల్యాప్‌టాప్ తెరపై కనిపించే ప్రశ్నలకు కెమెరా వైపు చూస్తూ జవాబు చెప్పాలి. ముగిసిన కాసేపటికే నివేదిక చేతికి వస్తుంది.

నివేదికలోని మొదటి భాగం నిజంగా పనికివచ్చేది. మాట వేగం, తడబడిన చోట్లు, ఊతపదాలు, చూపు తెరను వదిలి పక్కకు పోయిన సందర్భాలు అన్నీ అందులో ఉన్నాయి. శిక్షకురాలు ఆ వీడియోనే మళ్లీ వేసి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో ఓపికగా చూపించారు.

రెండవ భాగంతోనే నాకు పేచీ. కొత్త విషయాలపై ఆసక్తి, బాధ్యతగా పనిచేయడం, కలుపుగోలుతనం, సహృదయత, భావోద్వేగ స్థిరత్వం అనే అయిదు లక్షణాలకు అందులో మార్కులు వేశారు. మనస్తత్వవేత్తలు సాధారణంగా ప్రశ్నావళితో అంచనా వేసే ఈ లక్షణాలను ఇక్కడ ముఖ కవళికలు, తల కదలికలు, చూపుల నుంచి కంప్యూటర్ ఊహిస్తుంది. ఇలా ముఖం చూసి వ్యక్తిత్వాన్ని ఊహించే పరిశోధనలో బాగా వాడుకలో ఉన్న, 2016లో ఒక పోటీ కోసం రూపొందించిన, యంత్రానికి నేర్పే ఉదాహరణల డేటాసెట్‌లో యూట్యూబ్ నుంచి తీసుకున్న, ఒక్కొక్కటి సుమారు 15 సెకన్ల నిడివిగల 10,000 వీడియో ముక్కలున్నాయి; వాటికి మార్కులు వేసినది ఆ మనుషులతో ఏ పరిచయమూ లేని, ఇంటర్నెట్ ద్వారా చిన్న చిన్న పనులు చేసే కూలీలు. అటువంటి డేటాతో నేర్చుకున్న యంత్రం చెప్పగలిగేది, చూసేవారికి ఈ మనిషి ఎలా అనిపించవచ్చో అంతవరకే. ఈ కేంద్రం వాడే సాఫ్ట్‌వేర్ దేనితో నేర్చుకుందో నివేదికలో ఎక్కడా రాయలేదు.

మా మేనకోడలు ఆలోచించేటప్పుడు కళ్లు దించుకుంటుంది. పెద్దల ముందు అలా మాట్లాడడం మా ఇళ్లలో మర్యాద. ఆమెకు భావోద్వేగ స్థిరత్వంలో తక్కువ మార్కులు వచ్చాయి. వేరుశనగ పంట చేతికి రాని సంవత్సరాలలో కూడా ఇంటి లెక్కలు చూసుకుంటూ చదువు సాగించిన పిల్ల ఆ కాగితం చూసి రెండు రోజులు దిగులు పడింది.

2021లో జర్మనీలోని బవేరియా ప్రసార సంస్థ విలేకరులు ఇటువంటి ఒక సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించినప్పుడు, కళ్లజోడు పెట్టుకున్నా, తలకు గుడ్డ చుట్టుకున్నా, వెనుక పుస్తకాల అర కనిపించినా ఫలితాలు మారాయి. హాస్టల్ గదిలో, మసక ట్యూబ్‌లైట్ కింద ఇంటర్వ్యూ ఇచ్చే మన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. వీడియో ఇంటర్వ్యూ సాఫ్ట్‌వేర్ అందించే, అమెరికాకు చెందిన హైర్‌వ్యూ సంస్థ ముఖ విశ్లేషణను విరమించుకున్నట్లు అదే సంవత్సరం జనవరిలో ప్రకటించింది.

వీడియోను ఎంతకాలం దాచుతారని అడిగితే కేంద్రం వారి నుంచి స్పష్టమైన సమాధానం రాలేదు. సమ్మతి పత్రం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమేమో దానిని రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలోనూ చదువుకునే వీలు కల్పించాలంటోంది. సాధన కోసం వెళ్లదలచినవారు వెళ్లవచ్చు. అయితే తెలుగు పత్రం అడిగి తీసుకుని, వ్యక్తిత్వ మార్కులు వద్దని ముందే చెప్పండి. ఆ భాగం తీసేసి రుసుము తగ్గించమని నేను కేంద్రానికి రాతపూర్వకంగా కోరాను.