డీ జోల్డాటెన్, సాల్జ్‌బర్గ్ 2012 బ్లూరే: ఇంట్లో చూసేవాళ్ల కోసం

జర్మన్ స్వరకర్త బెర్న్డ్ ఆలోయిస్ జిమ్మర్‌మన్ పూర్తి చేసిన ఒపెరా (పాటలతో నడిచే నాటకం) ఒక్కటే: ‘డీ జోల్డాటెన్’, అంటే సైనికులు. జర్మనీలో ఉన్నవాళ్లకు కూడా దీన్ని వేదిక మీద చూసే అవకాశం అరుదుగా దొరుకుతుంది. వాద్యకారులే వందమందికి పైగా కావాలి. పాడే పాత్రలు 16, మాట్లాడే పాత్రలు 10. వీటికి తోడు ఆర్గన్, జాజ్ బృందం, లౌడ్‌స్పీకర్లలో వచ్చే టేపు శబ్దాలు, మూడు సినిమా తెరలు. దీన్ని వాయించడం అసాధ్యమని జర్మనీలోని కొలోన్ నగర ఒపెరా సంస్థ మొదట పక్కన పెట్టేసింది. జిమ్మర్‌మన్ మళ్లీ దిద్ది రాశాకే, 1965 ఫిబ్రవరి 15న, మిఖాయెల్ గీలెన్ కండక్టర్‌గా (వాద్యబృందాన్ని నడిపించేవాడిగా) అక్కడే తొలి ప్రదర్శన జరిగింది. అందుకే మనలాంటివాళ్లకు డిస్కే దారి. యూరోఆర్ట్స్ సంస్థ విడుదల చేసిన, ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ఉత్సవ ప్రదర్శన (2012) ఇప్పుడున్నవాటిలో వినడానికి అన్నిటికన్నా మంచిది.

కథ ముందే తెలుసుకుని కూర్చోవాలి. 1776లో జర్మన్ రచయిత లెంత్స్ రాసిన నాటకం దీనికి ఆధారం. ఫ్రాన్స్‌లోని లిల్ పట్టణంలో ఫ్యాన్సీ సరుకుల వ్యాపారి వెజెనర్ కూతురు మారీ. ఆమెకు అర్మంతియేర్ ఊళ్లోని బట్టల వ్యాపారి ష్టోల్ట్‌సియుస్‌తో పెళ్లి అనుకున్నారు. డెపోర్త్ అనే సైనికాధికారి ఆమెను లోబరుచుకుని వదిలేస్తాడు. అక్కణ్ణుంచి ఆమె ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతిలో పడుతూ, అత్యాచారానికి గురై, చివరికి వీధిలో బిచ్చమెత్తుకుంటుంది. ష్టోల్ట్‌సియుస్ డెపోర్త్‌కు విషం పెట్టి, తానూ తాగుతాడు. తండ్రి ఎదురుపడి బిచ్చం వేస్తాడు కానీ కూతుర్ని గుర్తుపట్టడు. పిల్లలు ఇంట్లో తిరుగుతుండగా పెట్టకూడదు. హింస కంటికి కనిపించే చోట్లకన్నా శబ్దంలో ఎక్కువ.

ఈ రచన అసలు బలం, డిస్కు అసలు బలహీనత ఒకే చోట ఉన్నాయి. గతం, వర్తమానం, భవిష్యత్తు ఒక గోళం మీద పక్కపక్కనే ఉంటాయని జిమ్మర్‌మన్ నమ్మకం. అందుకే చాలా సన్నివేశాలు ఏకకాలంలో నడుస్తాయి. రెండో అంకం రెండో సన్నివేశం తీసుకోండి. ఒకవైపు డెపోర్త్, మారీ కలిసి ష్టోల్ట్‌సియుస్‌కు అవమానించే ఉత్తరం రాస్తుంటారు. ఇంకోవైపు ఆ ఉత్తరం ష్టోల్ట్‌సియుస్ చేతిలో ఉంటుంది, తల్లి అతన్ని తిడుతుంటుంది. మధ్యలో మారీ నాయనమ్మ మనవరాలి గతిని ముందే చూసినట్టు పాత జానపదం పాడుతుంటుంది. వీటన్నిటి మీదుగా బాఖ్ ‘సెయింట్ మాథ్యూ పాషన్’ లోని కోరల్ (చర్చి కీర్తన) వినిపిస్తుంది. నాటకశాలలో మన కన్ను ఎటు కావాలంటే అటు పోతుంది. ఇంట్లో కెమెరా ఎటు పోతే అటే. దూరపు షాట్ వచ్చినప్పుడు మనుషులు చిన్నగా కనిపిస్తారు, దగ్గరికి తీస్తే మిగతా రెండు కథలు తెర బయట ఉండిపోతాయి. సబ్‌టైటిళ్లదీ అదే చిక్కు, ముగ్గురు పాడుతుంటే ఒక్కరి మాటే పడుతుంది. ఈ సన్నివేశాన్ని రెండుసార్లు పెట్టుకోవాలి: మొదటిసారి సబ్‌టైటిళ్లతో, రెండోసారి అవి ఆపేసి. రెండోసారి చూపు ఒకరి మీదే ఉన్నా, చెవి మిగతావాళ్లను పట్టుకుంటుంది.

సాల్జ్‌బర్గ్‌లో ఈ ప్రదర్శన జరిగిన ఫెల్జెన్‌రైట్‌షూలే ఒకప్పటి గుర్రపు స్వారీ శాల. కొండను తొలిచిన తోరణాల ముందు దాదాపు 40 మీటర్ల వెడల్పున వేదిక. దర్శకుడు ఆల్విస్ హెర్మానిస్ అద్దాల వెనక నిజం గుర్రాలను నడిపించాడు, పైన తీగ మీద ఒక మనిషిని నడిపించాడు. చూడ్డానికి అద్భుతం. కానీ ఆ అందమే కొన్ని చోట్ల సంగీతంలోని కర్కశత్వాన్ని మెత్తబరుస్తుంది, కళ్లు అలంకారం మీదికి పోతాయి. మారీగా లారా ఐకిన్ విపరీతమైన ఎత్తుపల్లాలున్న స్వరాలను మాట్లాడినంత తేలిగ్గా పాడుతుంది. కండక్టర్ ఇంగో మెట్స్‌మాఖర్ చేతిలో వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందం ఎంత గట్టిగా వాయించినా పొరలు కలిసిపోవు. ఈ డిస్కు కొనడానికి ఆ స్పష్టతే పెద్ద కారణం.

కర్ణాటక సంగీతం అలవాటైన చెవి ముందు శ్రుతి కోసం వెతుకుతుంది. ఇది పన్నెండు స్వరాలకూ సమాన స్థానం ఇచ్చే పద్ధతి, ఆధార షడ్జమం ఉండదు. పట్టుకోడానికి ఒక్కటే కొమ్మ: ప్రెలూడియోలో, అంటే మొదట్లో వచ్చే వాద్య సంగీతంలో, టింపనీ అనే పెద్ద డోళ్లు కొట్టే డి స్వరం. ఆఖర్లో వాద్యబృందమంతా మళ్లీ ఆ స్వరం మీదికే చేరుతుంది.

వాల్యూమ్ దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ప్రెలూడియో మోతకు బెదిరి తగ్గించేస్తారు. వెంటనే వచ్చే, మారీ ఉత్తరం రాసే సన్నివేశం వినపడక పెంచుతారు. అర్మంతియేర్ కాఫీ హౌస్‌లో సైనికులు బల్లలు, కప్పులు తాళం వేస్తూ మోగించేసరికి మళ్లీ రిమోట్ వెతుక్కుంటారు. ఆ మొదటి ఉత్తరం సన్నివేశంలో మాట స్పష్టంగా వినిపించే స్థాయి చూసి పెట్టుకోండి, తర్వాత ముట్టుకోవద్దు. రిసీవర్‌లో నైట్ మోడ్, డైనమిక్ రేంజ్ కంట్రోల్, సౌండ్‌బార్‌లో వాల్యూమ్ లెవెలర్ లాంటివి అన్నీ ఆపేయాలి. అవి చిన్న శబ్దాన్ని పెంచి పెద్దదాన్ని నొక్కేస్తే ఈ సంగీతంలో మిగిలేది రొద. ఐదు స్పీకర్లుంటే సరౌండ్ ట్రాక్, రెండే ఉంటే స్టీరియో ట్రాక్ పెట్టండి. టీవీ సొంత స్పీకర్లలో మాత్రం వద్దు, వాటికన్నా మంచి హెడ్‌ఫోన్స్ నయం.

టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికలను కృత్రిమంగా నున్నగా చేసే సెట్టింగ్) ఆపి, రంగులు పెంచే వివిడ్ బదులు సినిమా మోడ్ పెట్టండి. వివిడ్‌లో వేదిక మీది నీడలన్నీ ఒకే నల్లముద్దగా కనిపిస్తాయి. తెలుగు సబ్‌టైటిళ్లు లేవు, ఇంగ్లిష్ ఉన్నాయి. కొనేముందు పెట్టె మీద రీజియన్ గుర్తు చూడండి. మన దేశం బ్లూరేకు సి, డీవీడీకి 5. ఆ గుర్తు గానీ, అన్ని రీజియన్లకూ అని గానీ ఉంటేనే ఇక్కడ కొన్న ప్లేయర్లో నిక్కచ్చిగా ఆడుతుంది. మధ్యలో ఆపాలనుకుంటే రెండో అంకం అయ్యాక ఆపండి. నాలుగో అంకం మధ్యలో ఆపితే దాని ఊపు పోతుంది.

ప్రత్యామ్నాయం 1989 నాటి, జర్మనీలోని ష్టుట్‌గార్ట్ ప్రదర్శన డీవీడీ: హారీ కుప్ఫర్ దర్శకత్వం, బెర్న్‌హార్ట్ కొంటార్‌స్కీ కండక్టర్, మారీగా నాన్సీ షేడ్. బొమ్మ పాతకాలపు టీవీల 4:3 కొలతలో ఉంటుంది, టీవీ నిండా సాగదీయకండి. ధ్వని సాల్జ్‌బర్గ్ దరిదాపుల్లోకి రాదు. అయినా వేదిక అంత వెడల్పు కాదు కనుక మనుషులు ఒకరికొకరు దగ్గరగా ఉంటారు, కథ సూటిగా తగులుతుంది. ఈ ఒపెరా ఎప్పుడూ చూడనివాళ్లు ష్టుట్‌గార్ట్‌తో మొదలుపెట్టడం మంచిది. కథ ఒంటబట్టినవాళ్లు, మంచి స్పీకర్లున్నవాళ్లు సాల్జ్‌బర్గ్ కొనుక్కోవచ్చు.