ఎండాకాలంలో ఆగిపోయే లాప్‌టాప్: ఏది పనిచేసింది, ఏది దండగ

లాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతోందని ఎవరితో అన్నా మొదట వచ్చే సలహా కూలింగ్ ప్యాడ్, అంటే కింద పెట్టే ఫ్యాన్ల స్టాండు, కొనమని. నా దగ్గరా ఒకటి ఉంది. ప్రస్తుతం అది సెట్‌టాప్ బాక్సు కింద పనిచేస్తోంది, అక్కడ బాగానే ఉపయోగపడుతోంది. లాప్‌టాప్‌ని దారికి తెచ్చింది మాత్రం వేరే సంగతులు. కొన్ని వేసవులు వాడి చూశాక రాస్తున్నాను.

నాది 2020లో కొన్నది. ఇంటెల్ ఐ7-9750హెచ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్, రెండు ఫ్యాన్లు. లాప్‌టాప్ కంపెనీ పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు. ఈ తరహా లాప్‌టాప్‌లు చాలావరకు ఒకటే: సన్నటి బాడీలో 45 వాట్ల ప్రాసెసర్, పక్కనే గ్రాఫిక్స్ చిప్, రెండింటి వేడినీ లాగడానికి కలిపి అవే రాగి గొట్టాలు. నేను చేసేది పెళ్లి వీడియోల ఎడిటింగ్. మూఢం లేని ఏడాది వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. అంటే సరిగ్గా ఎండలు ముదిరినప్పుడే గంటల తరబడి ఎక్స్‌పోర్ట్‌లు, అంటే ఎడిట్ చేసిన వీడియోని పూర్తి ఫైలుగా తయారుచేయడం. డెస్క్‌టాప్ కొనుక్కోవచ్చుగా అని అడుగుతారు. కరెంటు పోయినా ఎక్స్‌పోర్ట్ మధ్యలో పోకుండా ఉండాలనే ఈ లాప్‌టాప్.

ఉండేది నరసరావుపేట, గది మేడ మీద, నేరుగా స్లాబు కింద. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మా పల్నాడు జిల్లాలోదే కాబట్టి మా వేడి గురించి వేరే చెప్పనక్కర్లేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఈ గదిలో 41, 42 డిగ్రీలు ఉంటుంది. లాప్‌టాప్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో 35 డిగ్రీల లోపే వాడమని రాసి ఉంది. లోపలి ఫ్యాన్ గాలిని చల్లబరచదు, గదిలో ఉన్న గాలినే లాగి, వేడిని తీసుకుపోయి బయట పడేస్తుంది. అందుకే 25 డిగ్రీల ఏసీ గదిలో 85 దగ్గర నిలబడే ప్రాసెసర్, అదే పనికి నా గదిలో 100 కొట్టేస్తుంది. ఈ చిప్‌కి హద్దు 100. అక్కడికి చేరగానే తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది. ఏసీ గదుల్లో తీసిన యూట్యూబ్ రివ్యూల్లో అంకెలు చూసి మన లెక్కలు వేసుకోకూడదు.

స్పీడు తగ్గడం వేరు, ఠక్కున ఆగిపోవడం వేరు. తగ్గినా వేడి దిగనప్పుడే చివరి రక్షణగా మొత్తం ఆగిపోతుంది. ఆగిపోయాక విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్-పవర్ 41' అని ఎర్రగుర్తుతో కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడి మదర్‌బోర్డు పోయిందనుకునేవాళ్లున్నారు. అది చెప్పేది ఒక్కటే: సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది అని. ఎందుకు ఆగిందో దానికీ తెలీదు.

కారణం తెలియాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోవాలి. సెన్సార్ల విండోలో లాగింగ్ బటన్ నొక్కితే రెండు సెకన్లకోసారి అంకెలన్నీ ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. లాప్‌టాప్ ఆగిపోయాక మళ్లీ ఆన్ చేసి ఆ ఫైల్లో ఆఖరి వరుసలు చూడాలి. నా ఫైల్లో ఆఖరి నిమిషమంతా ప్రాసెసర్ 99, 100. గ్రాఫిక్స్ 90 పైన. ఒక ఫ్యాన్ 4,800 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు). రెండో ఫ్యాన్ సున్నా. మొదటి ఫ్యాన్ హోరులో రెండోది తిరగట్లేదని చెవికి తెలీలేదు. మీ ఫైల్లో వేడి 70 దగ్గరే ఉండి, అదీ ఛార్జర్ తీసినప్పుడు మాత్రమే ఆగిపోతుంటే, ఈ సమీక్షతో మీకు పని లేదు, బ్యాటరీ చూపించుకోండి.

తిరగని ఫ్యాన్‌ని మార్చాల్సిందే. కొత్తది కొనేటప్పుడు లాప్‌టాప్ మోడల్ పేరుతో వెతికితే నాలుగు రకాలు చూపిస్తుంది. పాత ఫ్యాన్ మీది స్టిక్కర్‌లో ఉన్న పార్ట్ నంబర్‌తోనే వెతకాలి. అదే స్టిక్కర్ మీద వోల్టేజీ కూడా ఉంటుంది. కొన్నిటికి 5 వోల్టులు, కొన్నిటికి 12. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

ఇక దుమ్ము. వెనుక మూత తీసి చూస్తే లోపల శుభ్రంగానే ఉంది కదా అనిపిస్తుంది. ఫ్యాన్ మీది రేకు కూడా విప్పాలి. ఫ్యాన్ గాలి వదిలే చోటుకీ, చిప్‌ల వేడిని గాలిలోకి వదిలే హీట్‌సింక్ రేకులకీ మధ్య సందులో దుమ్ము, దుప్పటి పీచు, వెంట్రుకలు కలిసి, వత్తులు చేయడానికి చదును చేసిన పత్తిలాగా ఒక పట్టీ తయారై ఉంది. ట్వీజర్స్‌తో ఒక మూల పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చేసింది. చాలాచోట్ల సర్వీస్ పేరుతో బయటి నుంచి బ్లోయర్ కొట్టి ఇచ్చేస్తారు. బయటి గాలికి ఈ పట్టీ కాస్త వెనక్కి ఒరుగుతుందంతే. ఫ్యాన్ తిరగ్గానే మళ్లీ వచ్చి రేకులకు అతుక్కుంటుంది. వారంపాటు బాగుండి మళ్లీ మొదటికొచ్చిందని అందరూ అనేది అందుకే. ఇంట్లో చేసుకునేవాళ్లు మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. లేకపోతే అది అడ్డదిడ్డంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఫ్యాన్, దుమ్ము సంగతి తేలాక ఆగిపోవడం ఆగింది. వేడి మాత్రం ఇంకా 95 మీదే. అప్పుడు ఒక రిపేర్ షాపులో, చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడిని అందించే పేస్టు మార్పించాను. కుర్రాడు చురుకైనవాడే. "అన్నా, పేస్టేంటి, గ్రాఫిక్స్ ర్యామ్ మీది ప్యాడ్లు కూడా కొత్తవి వేశా, రెండేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఇంటికొచ్చి ఎక్స్‌పోర్ట్ పెడితే ముందుకన్నా వేడి పెరిగింది. విప్పి చూస్తే ర్యామ్ చిప్‌ల వేడిని హీట్‌సింక్‌కి అందించడానికి వేసిన ఆ మెత్తటి ప్యాడ్లు పాతవాటికన్నా మందం. అవి హీట్‌సింక్‌ని కొద్దిగా పైకి లేపేసి ఉంచడంతో ప్రాసెసర్ మీద రాగి పలక సరిగా ఆనట్లేదు. పేస్టు మీద అచ్చు ఒక పక్కనే పడి ఉంది. మీరు ఎక్కడ చేయించుకున్నా ప్యాడ్ల మందం అడగండి. పాతవి చిరిగిపోకుండా ఉంటే వాటినే ఉంచమనండి.

పేస్టు బదులు నేను ఆ తర్వాత వేసుకున్నది హనీవెల్ వాళ్ల పీటీఎం7950 అనే పలచటి షీటు. మామూలుగా గట్టిగా ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులన్నీ నింపుతుంది. మామూలు పేస్టుతో లాప్‌టాప్‌లలో వచ్చే గొడవేంటంటే, చిప్ వేడెక్కుతూ చల్లారుతూ ఉండటంతో పేస్టు మెల్లగా అంచులకు జరిగిపోతుంది. మధ్యలో చిప్ వెలితిగా ఉంటుంది. వేసిన రోజు 84 చూపించినది వేసవి అయ్యేలోపు 93కి పాకేది. ఈ షీటు వేసి రెండో వేసవి దాటింది, 82, 84 మధ్యే ఉంది. మొదటి రోజే తీర్పు చెప్పకండి. కొన్నిసార్లు వేడెక్కి చల్లారాకే సరిగ్గా పరుచుకుంటుంది. రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది. మన ఎండలకు షీటు మెత్తబడి ఆ పొరతోపాటే ఊడి వస్తుంది, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పొర చక్కగా విడిపోతుంది. నకిలీలు ఎక్కువ, తెలిసిన చోటే కొనండి. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసలోనే, కొంచెం కొంచెంగా.

పైసా ఖర్చు లేనిది విండోస్ సెట్టింగు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్' అని ఉంటుంది. దాన్ని 100 నుంచి 99కి మార్చితే టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు స్పీడు దాటి పైకి ఎగరడం, ఆగిపోతుంది. తగ్గేది ఒక్క శాతమే కదా అనుకోవద్దు. ఈ ప్రాసెసర్ 4.5 గిగాహెర్ట్జ్ దాకా ఎగరడం మానేసి 2.6 దగ్గర కూర్చుంటుంది. నా గదిలో వేడి ఒక్కసారిగా 74కి దిగింది. ఎక్స్‌పోర్ట్ సగం నెమ్మదిస్తుందని భయపడ్డాను, అంత లేదు. ఎందుకంటే ముందు కూడా వేడికి తగ్గి తగ్గి సగటున 3 దగ్గరే ఈడుస్తోంది. ఇప్పుడు ఇంకొంచెం సర్ది, టర్బోని మళ్లీ వదిలి, థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాంలో ప్రాసెసర్ ఎక్కువసేపు వాడుకోగల పవర్‌కి 35 వాట్ల హద్దు పెట్టుకున్నాను. 3 గిగాహెర్ట్జ్‌కి అటూఇటూగా నిలకడగా నడుస్తుంది. ప్రాసెసర్‌కి వెళ్లే వోల్టేజీ తగ్గించే పద్ధతి ఇంకా మేలని చాలామంది చెబుతారు. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక బయోస్ అప్‌డేట్లతో చాలా లాప్‌టాప్‌లలో దానికి తాళం వేసేశారు. నాదీ అంతే.

కూలింగ్ ప్యాడ్ కథ ఇప్పుడు చెప్పొచ్చు. దాని ఫ్యాన్లు ఆన్ చేస్తే మూడు డిగ్రీలు తగ్గింది. ఆఫ్ చేసి ఊరికే దాని మీద ఉంచితే రెండు. అంటే ఎక్కువగా తగ్గించింది ఫ్యాన్లు కాదు, కింద గాలి ఆడేలా లేపిన ఎత్తు. వెనుక కాళ్ల కింద రెండు సీసా మూతలు పెట్టినా అదే పని జరుగుతుంది. మీ లాప్‌టాప్ అడుగున గాలి రంధ్రాలు సరిగ్గా ప్యాడ్ ఫ్యాన్ల మీదకే వస్తే ఇంకాస్త తేడా ఉండొచ్చు. నాకైతే రాలేదు.

దానికన్నా గదిలో ఎయిర్ కూలర్ పెట్టడమే మేలు. మా వైపు ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, గది 33, 34కి దిగుతుంది. లాప్‌టాప్‌లో కూడా దాదాపు అన్ని డిగ్రీలే తగ్గుతాయి. కూలర్ గాలి సూటిగా లాప్‌టాప్‌కి తగలకుండా పక్కకి తిప్పుకోవాలి, ఆ తేమ లోపలికి పోకూడదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉక్కపోతకి కూలర్‌తో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, అక్కడ పెద్ద ఎక్స్‌పోర్ట్‌లు తెల్లవారుజామున పెట్టుకోవడమే.

ఇంత వేడిని భరించిన బ్యాటరీ గురించి కూడా. రోజంతా ఛార్జర్ పెట్టి వంద శాతంలో ఉంచుతూ వేడి మీద పనిచేయిస్తే బ్యాటరీ ఉబ్బొచ్చు. టచ్‌ప్యాడ్ నొక్కుడు బిగుసుకుపోవడం, మూత సరిగా మూసుకోకపోవడం దాని గుర్తులు. అవి కనిపిస్తే వెంటనే వాడకం ఆపి మార్పించండి. చాలా కంపెనీల సొంత యాప్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటుంది. నేను 80కే పెట్టుకున్నాను. కరెంటు కాసేపు పోయినా ఎక్స్‌పోర్ట్ మధ్యలో పోకుండా అది సరిపోతోంది.