సెమిస్టర్ సెలవుల్లో ఒంటరిగా: నేపాలా, వియత్నామా?

హైదరాబాద్ నుంచి చేతిలో తక్కువ డబ్బుతో బయల్దేరే విద్యార్థికి నేపాలే తేలిక. వీసా అక్కర్లేదు, 1 రూపాయికి 1.6 నేపాలీ రూపాయలు. రక్సౌల్‌దాకా రైల్లో వెళ్లి బీర్‌గంజ్ దగ్గర సరిహద్దు దాటొచ్చు. విమానమైతే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఆధార్ చూపిస్తే ఎక్కనివ్వరు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం వద్దు: కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి, మబ్బుల్లో హిమాలయాలు కనబడనే కనబడవు. ఇంకోటి, 2023 ఏప్రిల్ నుంచి చాలా ట్రెక్కింగ్ దారుల్లో విదేశీయులకు గైడ్ తప్పనిసరి చేశారు. ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

వియత్నాంకి ఈ-వీసా 25 డాలర్లు, తిరస్కరించినా వెనక్కి రాదు. మనవాళ్లు చిక్కుకునేది పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఫారంలో ఏదో ఒకటి కల్పించి నింపేస్తారు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరుసల్లో ఎలా ఉందో అలాగే రాయాలి. తేడా వస్తే శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేయొచ్చు. వియత్నాంలో దిగాక 20,000, 500,000 డాంగ్ (అక్కడి కరెన్సీ) నోట్లు రెండూ నీలంగానే ఉంటాయి, సున్నాలు చూసి ఇవ్వండి. టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) పండుగ రోజుల్లో దుకాణాలు మూత, బస్సు టికెట్లు కరువు.

డిసెంబర్ సెలవులూ, గట్టి స్వెటరూ ఉంటే నేపాల్‌కే నా ఓటు.