స్టేల్ బాట్‌తో మూడేళ్లు

పాత తెలుగు ఫాంట్లలో ఉన్న రాతను యూనికోడ్‌లోకి మార్చే చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మాది. చూసుకునేది ముగ్గురం, అందరివీ హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలే. ఆదివారం నారాయణగూడలో ఇరానీ చాయ్ తాగుతూ ల్యాప్‌టాప్ తెరిస్తేనే రివ్యూలు. మూడేళ్ల కిందట పుల్ రిక్వెస్టులు (పీఆర్‌లు, అంటే 'ఈ కోడ్ మార్పు కలపండి' అని పంపేవి) నలభై దాటేసరికి, మా కోడ్ ఉండే గిట్‌హబ్‌లో 'స్టేల్' యాక్షన్ పెట్టాం. చాలాకాలం కదలని వాటిని తనంతట తానే మూసేసే బాట్ అది.

పెట్టడం పది నిమిషాల పని, ఖర్చు లేదు. సెట్టింగులు ఏమీ మార్చకపోతే 60 రోజులు కదలని దానికి స్టేల్ లేబుల్ తగిలిస్తుంది, ఇంకో 7 రోజులు చూసి మూసేస్తుంది. మధ్యలో ఎవరైనా కామెంట్ రాస్తే లేబుల్ తీసేస్తుంది. బాట్ నడిచే టైమ్ మాత్రం యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక) ఇచ్చాను. ఉదయం తొమ్మిది అనుకుని నేను రాసింది మధ్యాహ్నం రెండున్నరకు నడిచేది. సరిచేయడానికి ఆర్నెల్లు పట్టింది, బద్ధకం.

మొదటి నెల పండగే. నలభై కాస్తా పదకొండయ్యాయి.

ఆ తర్వాత వరంగల్ నుంచి ఒక విద్యార్థి పంపిన ప్యాచ్ (కోడ్ మార్పు) మూతపడింది. ఒత్తుల వరస తప్పే పాత బగ్‌ను సరిచేశాడు, టెస్టులూ రాశాడు. చూడాల్సింది మేము, రెండు నెలలు చూడలేదు. బాట్ పోయి 'మీ నుంచి స్పందన లేదు' అని అతనికే నోటీసు అంటించింది. ఆ వాక్యం రాసిపెట్టిందీ నేనే. "అన్నా, నేను ఇంకా ఏం చేయాలి?" అని అడిగాడు. సారీ చెప్పి, మళ్లీ తెరిచి కలిపాం. అతను ఇంకో ప్యాచ్ పంపలేదు.

బాట్ తేదీలే చూస్తుంది, వంతు ఎవరిదో దానికి పట్టదు. అందుకే సెట్టింగులు మార్చాం. మార్పులు అడిగాక 'రాసినవాళ్ల జవాబు కావాలి' అనే లేబుల్ మేమే పెడతాం. అది ఉన్న పీఆర్‌ల జోలికే బాట్ వెళ్తుంది, అదీ 90 రోజులకు. ఇంకా పూర్తికాని డ్రాఫ్టులకు మినహాయింపు. ఇష్యూలకు (బగ్ ఫిర్యాదుల్లాంటివి) రోజుల చోట -1 పెట్టి బాట్‌ను ఆపేశాం, బగ్ పాతదైతే మాయమైపోదు కదా. కొత్తగా పెట్టేవాళ్లు ముందు డీబగ్ మోడ్‌లో (నిజంగా ఏదీ మూయకుండా) నడిపి, ఏవి మూస్తుందో లాగ్‌లో చూసుకోండి.

సగంలో వదిలేసిన మంచి ప్యాచ్‌ను ఇప్పుడు మేమే పూర్తి చేసి, కమిట్‌లో (ఆ మార్పు నమోదయ్యే చోట) అసలు రాసినవాళ్ల పేరు కోఆథర్‌గా పెడుతున్నాం. నాకు బాట్ కంటే ఈ పద్ధతే ఎక్కువ పనికొచ్చింది.

ఒక చిక్కు మిగిలింది. లేబుల్ పెట్టడం మేం మర్చిపోతే ఆ పీఆర్‌ను బాట్ అసలు పట్టించుకోదు. నిన్న లెక్కపెడితే అలాంటివి తొమ్మిది. అందులో ఆరు నేను చూడాల్సినవే.