తాళం వేసిన పాటలు కొన్నారా? పాత కంప్యూటర్‌ను అప్పుడే వదిలించుకోకండి

నిన్న సాయంత్రం నుంచి నా కోపం చల్లారలేదు. నేను పాటలు కొన్న ఇంటర్నెట్ దుకాణం పేరు రాయను. అమెరికాలో 2005, 2006 ప్రాంతంలో ఇంటర్నెట్‌లో పాటలు కొన్న మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. పాట 99 సెంట్ల చొప్పున 212 కొన్నాను. కాపీలు చేయకుండా వాటికి తాళం వేసి అమ్మేవాళ్లు: దుకాణం లైసెన్సు ఇచ్చిన కంప్యూటర్‌లోనే పలికేవి. సగానికి పైగా మా నాన్నగారి కోసం కొన్న వేణువు, వీణ కచేరీలే.

క్రిస్మస్ సెలవుల్లో కొత్త కంప్యూటర్ కొని, పాటలన్నీ అందులోకి ఎక్కించి, పాతదాని డిస్కు తుడిచి ఇచ్చేశాను. నిన్న నాన్నగారు మోహన రాగం పెట్టమన్నారు. లైసెన్సు దొరకలేదని తెర మీద వచ్చింది. ఇంకొకటి పెట్టాను, అదే మాట. ఫైలు నా దగ్గర ఉంది, దాన్ని తెరిచే తాళంచెవి వాళ్ల సర్వర్‌లో ఉంది. ఆ సర్వర్‌ను ఆపేశారు.

నలభై నిమిషాలు ఫోను పట్టుకుని కూర్చుంటే ఒకతను పలికాడు. "ముందే ఈమెయిల్ పంపాం, చూసుకోకపోవడం మీ తప్పు" అన్నాడు. రసీదులన్నీ ఉన్నాయన్నాను. "మీరు కొన్నది పాటను కాదు, ఆ కంప్యూటర్‌లో వినడానికి అనుమతిని" అన్నాడు. మరి నా డబ్బు అనేలోపే పెట్టేశాడు. నాన్నగారు ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నారు. "డబ్బిచ్చే కొన్నావు కదరా?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు.

తప్పు నాది కూడా. 2008 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల పాటల దుకాణం ఎంఎస్ఎన్ మ్యూజిక్ తాళంచెవులు ఇవ్వడం ఆపేస్తామంది, జనం తిరగబడ్డాకే గడువు పెంచింది. అదే ఏడు సెప్టెంబరు 30న యాహూ తన పాటల తాళంచెవుల సర్వర్లు మూసింది. రెండూ చదివి కూడా నా పాటల సంగతి ఆలోచించలేదు.

2009 జనవరి 6న ఆపిల్ తన కోటి పాటలకూ తాళం తీసేస్తానని ప్రకటించింది. అమెజాన్ 2007 నుంచీ తాళం లేకుండానే అమ్ముతోంది. అసలు ఈ తాళం ఎవరిని ఆపింది? అప్పటి ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ 2007 ఫిబ్రవరిలో రాసిన లేఖలోనే లెక్క ఉంది: 2006లో తాళంతో అమ్మిన పాటలు 200 కోట్ల లోపు, పాటల కంపెనీలే సీడీల మీద ఏ తాళమూ లేకుండా అమ్మినవి 2,000 కోట్లకు పైగా. దొంగకు సీడీ చాలు. తాళం పడింది డబ్బు కట్టినవాడికే.

మీ పాత కంప్యూటర్‌లో పాటలు ఇంకా పలుకుతుంటే ఈ రాత్రే వాటిని మామూలు ఆడియో సీడీలుగా రాసుకోండి. ఆ సీడీల నుంచి ఎంపీ3లు చేసుకోవచ్చు. ఆపిల్ దగ్గర కొన్నవైతే 2009లో పాటకు 30 సెంట్లు కట్టి తాళం తీయించుకునే వీలుండేది. కొన్నదానికే మళ్లీ కట్టడం నాకు నచ్చదు కానీ, ఆ దారైనా ఉండేది. ఒక సీడీని వేరే కంప్యూటర్‌లో పెట్టి, పాట పలికిందని మీ చెవులతో విన్నాకే పాతదాని డిస్కు తుడవండి.