థర్మోస్టాటిక్ షవర్ మిక్సర్: కొనే ముందు ట్యాంకు ఎత్తు చూసుకోండి

విజయవాడలోని మా ఇంట్లో పాత డైవర్టరు (వేడినీటిని, చన్నీటిని చేత్తో కలుపుకునే షవర్ కుళాయి) తీయించి, గోడకు పైన బిగించే రకం థర్మోస్టాటిక్ మిక్సర్ పెట్టించాము. ఒక నాబ్ ధారకు, మరొకటి వేడికి. వేడి నాబ్‌ను 38 డిగ్రీల దగ్గర ఉంచితే, వంటింట్లో కుళాయి విప్పినా, పక్క బాత్రూములో ఫ్లష్ నొక్కినా నెత్తిన పడే నీటి వేడిలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

దీనికి కరెంటు అక్కర్లేదు. మిక్సర్ లోపల ఉండే కార్ట్రిడ్జ్ అనే భాగంలో బిగించిన మైనం వేడికి వ్యాకోచించి పిస్టన్‌ను నెట్టడంతో వేడినీటి దారి ఇరుకై చన్నీటి దారి వెడల్పవుతుంది. నీరు చల్లబడితే మైనం కుంచించుకుపోయి, స్ప్రింగు పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. వేడిని 38 దాటించాలంటే చిన్న బటన్ నొక్కిపట్టి తిప్పాలి. గీజర్ నుంచి వచ్చే 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చగలదు కనుక, చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంటికి ఈ ఒక్క ఏర్పాటు కోసమైనా ఖర్చు పెట్టవచ్చు. చన్నీరు ఆగిపోతే ఒట్టి వేడినీరు మీద పడుతుందేమోనని చన్నీటి వాల్వు కట్టేసి చూశాను; ధార సన్నబడి కాసేపటికే ఆగిపోయింది.

అసలు చిక్కు ప్రెషర్‌తో వస్తుంది. ట్యాంకు నుంచి కిందికి ప్రతి మీటరు ఎత్తుకూ వచ్చేది సుమారు 0.1 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) మాత్రమే, ఇలాంటి మిక్సర్లలో చాలావాటికి కనీసం 0.5 నుంచి 1 బార్ వరకు కావాలి. అందుకే డాబా కిందనే ఉన్న పై అంతస్తు బాత్రూములో పంపు లేకుండా దీన్ని పెట్టించడం శుద్ధ దండగ. పంపును కూడా చన్నీటి లైనుకొక్కదానికే కాక, గీజర్‌కు వెళ్లే పైపు చీలకముందే బిగించాలి. ఇన్‌స్టంట్ గీజర్‌తో దీనికి అంతగా పొసగదు, ఎందుకంటే మిక్సర్ వేడినీటిని తగ్గించగానే ప్రవాహం చాలక గీజర్ ఆగిపోవచ్చు.

వేడి పైపు ఎడమవైపు, చన్నీటి పైపు కుడివైపు రావాలి. మా ప్లంబరు తారుమారుగా కలిపి వెళ్లడంతో నాబ్ ఎటు తిప్పినా వేడి అదుపులోకి రాక, అంతా విప్పి మళ్లీ బిగించవలసి వచ్చింది.

బోరు నీళ్లయితే సున్నం పేరుకుని కార్ట్రిడ్జ్ పట్టేస్తుంది. పైపులు కలిసేచోట ఉండే జాలీలను అప్పుడప్పుడు విప్పి కడగాలి. ఇక మే నెల మధ్యాహ్నాల్లో డాబా మీది ట్యాంకు నీరే 40 దాటితే, చల్లబరిచే విద్య ఈ మిక్సర్‌కు తెలియదు.

ధర మామూలు డైవర్టరుకు కొన్ని రెట్లుంటుంది. కార్ట్రిడ్జ్ విడిగా దొరుకుతుందో లేదో కొట్లో ముందే అడిగి, బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండి.