పచ్చబడ్డ చెరువుకు ఫాస్ఫేట్ సున్నా చూపించిన కిట్

కడప దగ్గర మా ఊరి చెరువు ఈ ఎండాకాలం పచ్చగా చిక్కబడింది, ఒక తెల్లవారుజామున చేపలు కూడా చచ్చి తేలాయి (రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, అందుకే తెల్లారేసరికి నీళ్లలో అది అడుగంటుతుంది). నాకు టెన్షన్ పట్టుకుని, ఆన్‌లైన్‌లో 1,450 రూపాయలు పెట్టి నాచుకు మేతయ్యే నైట్రేట్, ఫాస్ఫేట్ నీళ్లలో ఎంతున్నాయో చూసే చుక్కల మందు కిట్ తెప్పించాను. ఐదుకు రెండు స్టార్లు.

నైట్రేట్ వరకు పర్వాలేదు. పొడి వేసి ఊపితే గులాబీ రంగు వస్తుంది, కార్డుతో పోల్చుకోవడమే. కాకపోతే కార్డు మీద ఉన్నది నైట్రేటా, నైట్రేట్‌లోని నత్రజనా అన్నది చూసుకోండి, నత్రజని అయితే 4.43తో గుణించాలి. తాగునీటికి మన దేశంలో హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్, అదే నత్రజని లెక్కలో సుమారు 10. ఈ ముక్క వాళ్ల కాగితంలో లేదు.

అసలు గొడవంతా ఫాస్ఫేట్‌తోనే. నీళ్లలో రంగే రాలేదు, అంటే సున్నా. మా నాయన "మన చెరువు మంచిదే కదరా" అన్నాడు. ఆ మాటకే నాకు భయమేసింది. మొత్తం ఫాస్ఫరస్ (ఫాస్ఫేట్‌లో ఉండే మూలకం, నీళ్లలో కరిగిందీ నాచులో చేరిందీ కలిపి) లీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటినా చెరువు పచ్చబడటానికి చాలు, ఈ కార్డులో సున్నా తర్వాతి గడి 0.5. పైగా ఇది నీళ్లలో కరిగి ఉన్నదాన్నే చూస్తుంది, నాచు అప్పటికే తినేసింది దీనికి కనపడదు. అది తేలాలంటే నీళ్లు వడకట్టకుండా ల్యాబుకు ఇచ్చి మొత్తం ఫాస్ఫరస్ చూడమని అడగాలి.

నీళ్లు ఎంత మసకబారాయో తెలుసుకోవడానికి దీనికంటే పాత డబ్బా మూత నయం. 20 సెంటీమీటర్ల బిళ్ల కోసి, నాలుగు భాగాలు చేసి నలుపు తెలుపు పూసి, రాయి కట్టి, మధ్యాహ్నం తెప్ప మీద నుంచి దించాను. 1865లో ఇటలీలో సెక్కి అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది. మా చెరువులో 40 సెంటీమీటర్లకే మాయమైంది. అర మీటరు లోపంటే బాగా ముదిరినట్టే. వానపడి ఒండ్రు నీళ్లు వచ్చినప్పుడు మాత్రం ఈ కొలత నమ్మకండి, మట్టికీ నాచుకీ తేడా బిళ్లకు తెలియదు.

మన పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది, మంచి చెరువుకు కావాల్సిన పన్నెండింటిలో తియ్యని నీళ్ల ఏరు ఒకటని అందులో రాశారు. మా చెరువులోకి వచ్చేది ఊరి మురుగు కాలవ. ఆ కాలవ మూతి దగ్గర నీళ్లు పట్టి ఇదే కిట్‌తో చూస్తే ముదురు నీలం వచ్చింది. రెండు స్టార్లు అందుకే ఇచ్చాను. ఆ నీలం రంగు వచ్చిన కిట్ గాజు గొట్టం, చెరువు మధ్య నీళ్లతో చూసిన గాజు గొట్టం రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంచాయతీలో చూపించాను.